వెలిసిన రంగు కింద ఇంకా రంగుంది

ఎండకు వెలిసిపోయిన ఎర్ర కారు బానెట్ మీద ఒక చెంబెడు నీళ్లు పోయండి. నీళ్లు పారినంత మేరా రంగు చిక్కబడుతుంది, షోరూం నుంచి ఇంటికి తెచ్చిన రోజు ఉన్నట్టే కనిపిస్తుంది. ఆరగానే మళ్లీ పాలిపోతుంది. నారాయణఖేడ్‌లో బండి ఆరుబయట నిలిపే వాళ్లందరూ దీన్ని చూసే ఉంటారు, పట్టించుకుని ఉండరు. డెంటింగ్, పెయింటింగ్ షాపుకి బండి తోలుకెళ్లే ముందు చేసుకోవాల్సిన పరీక్ష ఇదే, పైసా ఖర్చు లేనిది. తడిపినప్పుడు రంగు తిరిగొచ్చిందంటే లోపలి రంగు బతికే ఉంది, చెడింది పైపొర మాత్రమే. తడిపినా పాలిపోయినట్టే ఉందంటే అది వేరే జబ్బు. దానికి ఎన్ని డబ్బాల పాలిష్ పూసినా దండగే.

తాండూరు బండ పరిచిన వాకిట్లో కళ్లాపి చల్లినప్పుడు జరిగేదే ఇక్కడా జరుగుతుంది. వెలుతురు నున్నటి రంగుపొర మీద పడితే దాదాపు నాలుగు శాతం పైనుంచే అద్దంలో లాగా ఒకే దిక్కుకు తిరిగి వెళ్తుంది. మెరుపు అంటే అదే. మిగతా వెలుతురు లోపలికి దిగి, రంగుపొడి రేణువులను తాకి, తనలో కొంత అక్కడ పోగొట్టుకుని, మిగిలినది ఎరుపుగానో నీలంగానో బయటికొస్తుంది. పైపొర గరుకెక్కినప్పుడు, అంటే వెలుతురు తరంగం పొడవైన అర మైక్రాను అంతో అంతకు మించో గుంతలు పడినప్పుడు, ఆ నాలుగు శాతం ఒక దిక్కుకు పోకుండా నలుదిక్కులా చెదిరిపోతుంది. ఎటునుంచి చూసినా ఆ చెదిరిన తెల్లటి వెలుతురు లోపలి రంగుతో కలిసి కంట్లో పడుతుంది. ఎరుపులో తెలుపు కలిస్తే గులాబీ, నలుపులో తెలుపు కలిస్తే బూడిద. ఆ గుంతలను నీళ్లు నింపితే పైభాగం మళ్లీ చదునవుతుంది. రంగుపొర వక్రీభవన గుణకం సుమారు 1.5, నీటిది 1.33, గాలిది 1. నీళ్లు గాలికంటే రంగుపొరకు దగ్గర కాబట్టి సరిహద్దు దగ్గర చెదిరే వెలుతురు బాగా తగ్గుతుంది.

డీజిల్ గుడ్డతోనో కొబ్బరినూనెతోనో ట్రాక్టరు తుడిస్తే నిగనిగలాడటం వెనక ఉన్నదీ ఈ లెక్కే. నూనెల వక్రీభవన గుణకం 1.45 దగ్గర ఉంటుంది, అంటే నీళ్లకంటే ఇంకా దగ్గర. పైగా తొందరగా ఆరదు. అందుకే సంతకు తోలుకెళ్లే బండిని అలా తుడుస్తారు. దుమ్ము మాత్రం ఆ జిడ్డుకు అతుక్కుని రెండోనాటికి ముందుకంటే అధ్వానంగా చేస్తుంది. మనం వెతుకుతున్నది అమ్మకానికి పనికొచ్చే మెరుపు కాదు గదా, ఉన్న బండికి నిలిచే మెరుపు. దానికి గుంతలు నింపడం కాకుండా గుంతలున్న పొరనే తీసేయాలి.

అసలు గుంతలు ఎందుకు పడతాయి? నారాయణఖేడ్ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో ఒకసారి, జూలై ఆఖర్లో మరోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు నిట్టనిలువుగా నడినెత్తికి వస్తాడు, నిలబెట్టిన కర్రకు నీడ పడదు. జూలైలో మబ్బు అడ్డుంటుంది, మేలో ఏ అడ్డూ ఉండదు. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కిరణాలు వాతావరణంలో ప్రయాణించే దూరం అతి తక్కువ, ఓజోన్ పొర మింగే అతినీలలోహిత కిరణాలూ ఆ మేరకు తక్కువే. ఆ కిరణాలు కారు టాపు మీద, బానెట్ మీద నేరుగా దిగుతాయి, తలుపుల మీద ఏటవాలుగా జారిపోతాయి. అందుకే ఎక్కడ చూసినా ముందు వెలిసేది టాపు, తర్వాత బానెట్. తలుపుల అడుగుభాగం పదేళ్లయినా కొత్తగా ఉంటుంది. రంగు ఎంత పోయిందో తెలియాలంటే తలుపు తీసి లోపలి అంచు చూడండి, ఎండ తగలని అసలు రంగు అక్కడ దొరుకుతుంది.

రంగును బండికి పట్టి ఉంచేది పొడవాటి కర్బన గొలుసులున్న ప్లాస్టిక్ జాతి పదార్థం, రెజిన్. అందులో కర్బనాల మధ్య బంధాన్ని తెంచడానికి మోల్‌కి సుమారు 350 కిలోజౌళ్ల శక్తి చాలు. 300 నానోమీటర్ల అతినీలలోహిత కిరణంలో మోల్‌కి సుమారు 400 కిలోజౌళ్లుంటుంది. అంటే ఆ కిరణం సరైన చోట తగిలితే గొలుసు తెగుతుంది. తెగిన కొస ఊరుకోదు. గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని పక్క గొలుసు మీద పడుతుంది, దాన్నీ తెంచుతుంది. ఒక్క దెబ్బతో మొదలై వరసగా సాగే ఈ విధ్వంసాన్ని ఆపడానికి ఫ్యాక్టరీలో పైపొరలో రెండు రకాల మందులు కలుపుతారు. ఒకటి కిరణాన్ని తాను మింగి వేడిగా మార్చి వదిలేస్తుంది. రెండోది హిండర్డ్ అమైన్లు. ఇవి తెగిన కొసలను పట్టి నోరు మూయిస్తాయి, ఆ పని అయ్యాక మళ్లీ మొదటి రూపానికి వచ్చి ఇంకో కొసను పడతాయి. ఒకే అణువు ఇలా ఎన్నోసార్లు పనిచేస్తుంది. నాకు రంగుల రసాయనశాస్త్రం మొత్తంలో ఇంతకంటే అందమైన ఏర్పాటు కనిపించలేదు. అయినా ఏళ్లు గడిచేకొద్దీ రెండూ తరిగిపోతాయి. పెద్ద రంగుల కంపెనీలు తమ రంగుల మన్నిక తేల్చుకోవడానికి పలకలను ఎండా తేమా కలిసిన దక్షిణ ఫ్లోరిడాలోనూ, పొడి ఎండ కాచే అరిజోనాలోనూ ఏళ్ల తరబడి ఆరబెడతాయి. మన దక్కన్ మీద నిలిపిన బండి మార్చి నుంచి మే దాకా ఒక పరీక్ష, జూన్ నుంచి సెప్టెంబరు దాకా రెండోది ఏటా రాస్తూనే ఉంటుంది.

తెల్ల బండికి ఇంకో చిక్కుంది. తెలుపు ఇచ్చేది టైటానియం డయాక్సైడ్. తాను ఎండకు వెలవదు, కానీ అతినీలలోహిత కిరణం తగిలితే దాని ఉపరితలం మీద నీళ్లూ ఆక్సిజనూ చురుకైన రూపాల్లోకి మారి, చుట్టూ ఉన్న రెజిన్‌ను తినేస్తాయి. 1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా ఇదే పదార్థం మీద వెలుతురు వేసి నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్లుగా విడగొట్టారు. ఇవాళ సౌర ఇంధన పరిశోధనల్లో ఆ ప్రయోగాన్ని తలవని వారు లేరు. బండి మీద మాత్రం ఆ గుణం శాపం. రెజిన్ పోయాక పట్టు తప్పిన తెల్లపొడి పైకి తేలుతుంది, చేత్తో రాస్తే సుద్దలా అంటుతుంది. అందుకే రంగుల కంపెనీలు దాని స్ఫటిక రూపాల్లో చురుకు తక్కువైన రూటైల్‌నే వాడతాయి, ఆ రేణువులకూ సిలికా, అల్యూమినాల సన్నటి తొడుగు వేస్తాయి.

రంగుపొడి స్వయంగా చచ్చిపోవడం ఎర్ర బండ్లలో ఎక్కువ. చవక ఎరుపుల్లో అణువు కిరణం దెబ్బకు విరిగి రంగు లేనిదవుతుంది. ఆరుబయట కొన్నేళ్లు నిలిచిన ఎర్ర ట్రాక్టర్లు గులాబీ రంగుకు దిగడం మన పొలాల్లో అందరూ చూసేదే. ఎండకు చెదరని ఎరుపు మన కాళ్ల కింది నేలలోనే ఉంది. జహీరాబాద్, బీదర్ వైపు ఎర్రటి లాటరైట్ నేలకు ఆ రంగునిచ్చేది ఇనుప ఆక్సైడ్. అది అప్పటికే పూర్తిగా ఆక్సీకరణం చెందింది కాబట్టి ఎండ దాన్ని ఇంకేం చేయలేదు. గేట్లకు, తలుపులకు వేసే రెడ్ ఆక్సైడ్ అదే. కాకపోతే అది ఇటుక రంగు, కారుకు కావాల్సిన మంకెన ఎరుపు అందులో రాదు.

ఆ మంకెన ఎరుపు ప్రయోగశాలలో దొరికిన కథ చెప్పుకోదగ్గది. 1974లో అమెరికాలో డొనాల్డ్ ఫార్నమ్ అనే రసాయన శాస్త్రవేత్త ఇంకేదో పదార్థం తయారుచేయబోతే ఎర్రటి, దేనిలోనూ కరగని పొడి కొంచెం మిగిలింది. ఆయనకు అది అక్కర్లేనిది. స్విట్జర్లాండ్‌లోని సీబా-గైగీ కంపెనీ వాళ్లు దాని గురించి ఆయన రాసిన వ్యాసం చదివి, కరగదంటే అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయని, అలా ఉంటే ఎండకూ చెక్కుచెదరదని గ్రహించారు. 1986లో డీపీపీ ఎరుపుగా బజారులోకి తెచ్చారు. ఖరీదైన ఎర్ర కార్లకు అది ప్రాణం. నీలం కథా అలాంటిదే. 1928లో స్కాట్లండ్‌లోని గ్రేంజ్‌మౌత్ రంగుల ఫ్యాక్టరీలో ఒక పాత్ర లోపలి తొడుగు పగిలి ఇనుము బయటపడింది. తెల్లగా రావాల్సిన సరుకులో నీలం నలకలు కనిపించాయి. వాటిని పారబోయకుండా పరీక్షించారు కాబట్టి థాలోసయనిన్ దొరికింది. 1935 నుంచి రాగితో చేసిన దాని రూపం అమ్మకానికొచ్చింది. అది ఇంత గట్టిది కాబట్టే ముప్ఫై ఏళ్ల నీలం లారీ కూడా పైన సుద్ద తుడిస్తే కింద నీలంగానే ఉంటుంది.

ఇక పొరల సంగతి. ఖేడ్ నుంచి జహీరాబాద్ ఎంతో దూరం కాదు. 1980లలో అక్కడ ఆల్విన్-నిస్సాన్ ట్రక్కులు తయారయ్యేవి, ఇప్పుడు మహీంద్రా ట్రాక్టర్లు వస్తున్నాయి. హైదరాబాద్ దారిలో పటాన్‌చెరులో ఏషియన్ పెయింట్స్ ఫ్యాక్టరీ ఉంది. అంటే బండీ రంగూ రెండూ మన జిల్లా సరుకే. అయినా కారు రంగు ఎంత మందం ఉంటుందో మనలో చాలామందికి తెలియదు. ఇనుప రేకు మీద ముందు ఫాస్ఫేట్ పొర, తర్వాత బండినంతా తొట్టెలో ముంచి కరెంటుతో పట్టించే ప్రైమరు 20 మైక్రాన్లు, దాని మీద ఇంకో ప్రైమరు 30, 40 మైక్రాన్లు, ఆపై రంగు 15 మైక్రాన్ల చిల్లర, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోటు 40, 50 మైక్రాన్లు. మొత్తం కలిపినా 100 నుంచి 140 మైక్రాన్లు. ఒక తలవెంట్రుక మందం కంటే కాస్త ఎక్కువ, అంతే. మనం రుద్దగలిగింది అందులో పైనున్న క్లియర్ కోటునే. అందులోనూ సగందాకా పోనీయడం కుదరదు. ఎండను ఆపే మందులు ఆ పొరలోనే ఉన్నాయి, పది మైక్రాన్లు పోయిందంటే మిగిలిన దాని ఆయుష్షు బాగా తగ్గిపోతుంది. బండి జీవితం మొత్తానికి మన చేతిలో ఉన్న సొమ్ము ఆ కొద్ది మైక్రాన్లే. వీధిలో ఎవరో చెప్పారని దీపావళికోసారి, ఉగాదికోసారి రబ్బింగ్ చేయించేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

పాత బండ్లలో, ఇప్పటికీ కొన్ని చవక రకాల్లో, విడిగా క్లియర్ కోటు ఉండదు, రంగు ఒకే పొర. తెలుసుకోవడం తేలిక. తెల్లగుడ్డ మీద కాస్త కాంపౌండ్ వేసి కనబడని చోట రుద్దండి. గుడ్డకు బండి రంగు అంటితే ఒకే పొర, అంటకపోతే పైన క్లియర్ కోటుంది. ఒకే పొర బండి త్వరగా సుద్దవుతుంది, అంతే త్వరగా తేరుకుంటుంది కూడా. ఆ రెండో గుణం చాలామందికి తెలియక మొత్తం రంగు వేయించుకుంటారు.

పాలిష్ అంటే పైన ఏదో మెరుపు పూయడం అనుకుంటాం. నిజానికి అది అరగదీయడం. కాంపౌండ్‌లో సన్నటి అల్యూమినియం ఆక్సైడ్ పొడి ఉంటుంది. అది గరుకైన పొరను గీరి చదును చేస్తుంది. పెద్ద గీత పోయేచోట చిన్న గీతలు పడతాయి, వాటిని ఇంకా సన్నటి పాలిష్ తీస్తుంది. గీతలు వెలుతురు తరంగం కంటే చిన్నవయ్యేదాకా ఇలా దిగుతూ పోవాలి. 2000 నంబరు వాటర్ పేపరులోని రేణువు పది మైక్రాన్లుంటుంది. దానితో మొదలుపెట్టాల్సిన అవసరం వెలిసిన రంగుకు దాదాపు ఎప్పుడూ రాదు, లోతు గీతలకే దాన్ని దాచుకోవాలి. ముందు అతి మెత్తని పాలిష్‌తో ఒక జానెడు చోట ప్రయత్నించి, చాలకపోతేనే గట్టిదానికి వెళ్లాలి. షాపులో సాధారణంగా దీనికి తలకిందులుగా చేస్తారు, ఎందుకంటే గట్టి కాంపౌండ్‌తో పని తొందరగా తెములుతుంది.

మంచి పనివాడి దగ్గర నిలబడి చూస్తే తేడా తెలుస్తుంది. బండిని ముందు నీడలో కడిగి, బంకమట్టి లాంటి క్లే ముద్దతో పొరలో ఇరుక్కున్న నలకలు తీస్తాడు. రేకు మడతలకు, తలుపు అంచులకు టేపు వేస్తాడు. తడిగా ఉన్న రంగు ఆరేటప్పుడు అంచుల నుంచి వెనక్కి లాక్కుంటుంది కాబట్టి పొర అన్నిటికంటే పల్చగా ఉండేది అక్కడే, మిషన్ తగిలితే మొదట ప్రైమరు బయటపడేదీ అక్కడే. తర్వాత మూరెడు మూరెడు గడులుగా విడగొట్టుకుని ఒక్కో గడిలో ఫోమ్ ప్యాడ్‌ను నెమ్మదిగా అడ్డంగా, నిలువుగా నడుపుతాడు. మధ్యమధ్యలో చేతి వెనకవైపుతో రేకును తాకి చూస్తాడు. వేడెక్కితే ఆగుతాడు. ఆ తాకడం చాదస్తం కాదు. ఒక్కచోటే మిషన్ నిలిపితే రాపిడి వేడికి క్లియర్ కోటు మెత్తబడి క్షణాల్లో కాలిపోతుంది. పొర మందం కొలిచే చిన్న పరికరం కూడా ఉంటుంది, ఇనుప రేకు మీద పెడితే మైక్రాన్లలో అంకె చూపిస్తుంది. 120 చూపిస్తే ఫ్యాక్టరీ రంగు. 300 చూపిస్తే మళ్లీ వేసిన రంగు. అంతకు చాలా పైన చూపిస్తే కింద లప్పం ఉంది. ప్లాస్టిక్ బంపర్ల మీద మామూలు రకం పనిచేయదు. పాత కారు కొనేవాళ్లకు ఈ పరికరం ఉన్న మనిషి తోడుంటే చాలా మోసాలు తప్పుతాయి.

చదును చేశాక దానికి కాపలా కావాలి. వ్యాక్స్‌లో పేరున్నది కార్నాబా. ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీది మైనం, 82 నుంచి 86 డిగ్రీల దగ్గర కరుగుతుంది. డబ్బాలో దాన్ని మెత్తటి మైనాలు, ద్రావకాలతో కలిపి ఇస్తారు కాబట్టి మన ఎండకు కొన్ని వారాలకు మించి నిలవదు. సిరామిక్ కోటింగ్ ఎక్కువ కాలం నిలుస్తుంది, అది సిలికాన్, ఆక్సిజన్ బంధాల గట్టి పొర. అయితే ఆ డబ్బాల మీద గొప్పగా వేసే 9హెచ్ అంకె వజ్రాన్ని కొలిచే మోస్ కొలమానంలోది కాదు, పెన్సిల్ గీతతో చేసే పరీక్షలోది. 9హెచ్ పెన్సిల్‌కు గీత పడలేదంటే ఇసుక రేణువుకు పడదని అర్థం చేసుకోకూడదు. ఇక సిరామిక్ కింద ఉన్న గరుకును అది బాగు చేయదు, అలాగే అద్దం కింద పెట్టి దాచేస్తుంది. వేయించేవాళ్లు ముందు పాలిష్ సరిగ్గా జరిగిందో లేదో చూసుకుంటే చాలు.

మైక్రాన్లు పోయే దారి ఎండ ఒక్కటే కాదు. పొద్దున్నే పొడిగుడ్డతో దుమ్ము దులపడం మన అలవాటు. ఖేడ్ చుట్టూ నల్లరేగడి, పత్తి చేలు, రోడ్డు పనులు. ఆ దుమ్ములో క్వార్ట్జ్ రేణువులుంటాయి, మోస్ కొలమానంలో 7. గాజుకంటే గట్టివి. పొడిగుడ్డ కింద అవి ప్రతిరోజూ గుండ్రటి గీతలు గీస్తాయి. ఎండలో చూస్తే సాలెగూడులా కనబడేవి అవే. ముందు నీళ్లు పోసి దుమ్ము వదిలించి, తర్వాతే గుడ్డ తాకించాలి. బోరునీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. ఎండలో కడిగి అలాగే వదిలేస్తే బొట్టు ఆరినచోట తెల్లటి వలయం మిగులుతుంది. కొత్తగా ఉన్నప్పుడు నీళ్లు కలిపిన వెనిగర్‌తో పోతుంది, పాతబడితే పాలిష్ తప్ప మార్గం లేదు.

నీడ కోసం వేపచెట్టు కింద నిలిపితే పిట్టల బెడద. రెట్టలో ఆమ్లం ఒక్కటే ఉంటుందనుకుంటాం. టెహ్రాన్‌లోని అమీర్‌కబీర్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు రెట్టలోని జీర్ణరసాల ఎంజైములు కూడా క్లియర్ కోటు అణువులను నీళ్లలో కరిగే ముక్కలుగా కోస్తాయని చూపించారు. వేడెక్కిన రేకు మీద ఇది వేగంగా జరుగుతుంది. కాబట్టి చూసిన వెంటనే తడిగుడ్డ కప్పి, నానాక ఎత్తేయాలి, గోకకూడదు. అయినా ఎండకూ చెట్టుకూ మధ్య ఎంచుకోవాల్సి వస్తే నేను చెట్టునే ఎంచుకుంటాను. రెట్ట ఒక్కచోట చెరుపుతుంది, ఎండ బండంతా చెరుపుతుంది. రేకుల షెడ్డు వేసుకోగలిగితే ఏ డబ్బాకూ అందని లాభం.

తడిపినా రంగు తిరిగిరాని బండి సంగతి మిగిలింది. క్లియర్ కోటు పెచ్చులుగా ఊడితే, లేదా రంగుపొడే విరిగిపోతే, మళ్లీ రంగు వేయడమే. రంగు మార్చాలనుకుంటే ఆర్సీలో రాసిన రంగు కూడా ఆర్టీఏ ఆఫీసులో మార్పించుకోవాలి, ఈ మాట చాలామంది మరిచిపోతారు. అంతకంటే ముఖ్యమైంది రంగు వేసే మనిషి. ఇప్పుడు వాడే గట్టి పాలీయురెథేన్ రంగులు రెండు డబ్బాలుగా వస్తాయి. రెండో డబ్బాలోని హార్డెనర్ ఐసోసైనేట్. స్ప్రే గన్ నుంచి వచ్చే దాని మంచు పీల్చినవాళ్లకు ఆస్తమా రావచ్చు. ఒకసారి ఒంటికి పడనిదైతే తర్వాత రవ్వంత తగిలినా ఊపిరాడదు, ఆ పనే మానుకోవాల్సి వస్తుంది. ముక్కుకు కట్టుకున్న రుమాలు దాన్ని ఆపదు. బయటినుంచి మంచి గాలి అందించే మాస్కు కావాలి.

గీకేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. పాత లారీలు, జీపులు, ట్రాక్టర్ల పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో సీసం క్రోమేట్ వాడేవారు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని మన దేశంలో 2016లో నిబంధనలొచ్చాయి, కానీ అవి గృహ, అలంకరణ రంగులకే వర్తిస్తాయి, బండ్ల రంగులకు కాదు. పొడిగా గీకితే ఆ సీసపు దుమ్ము పనివాడి ఊపిరితిత్తుల్లోకి, అతని బట్టల మీదుగా ఇంట్లో పిల్లల దాకా పోతుంది. వాటర్ పేపరుతో తడిపి గీస్తే దుమ్ము నీళ్లలోనే ఉండిపోతుంది. పని కాస్త ఆలస్యమవుతుంది. షాపులో రేటు మాట్లాడేటప్పుడు తడిపి గీయడం, మాస్కు ఖర్చు అందులో చేర్చమని మనమే అడగాలి, ఆ నాలుగు రూపాయలు మనమే ఇవ్వాలి. అడిగేవాళ్లు లేకనే చాలా షెడ్లలో ఆ రెండూ జరగడం లేదు.